గిట్ట తయారయ్యేది దొడ్డిలో

(తిరుపతిలో గుర్రాలు సాకేవాళ్ళ కోసం ఒక ఆదివారం మధ్యాహ్నం చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడినవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ బల్ల మీద పెట్టినవి దగ్గరికొచ్చి చూడాల్సినవి. అక్కడినుంచి కనపడవు.

ఇందాక బయట వేపచెట్టు కింద కట్టేసిన తెల్ల ఆడగుర్రాన్ని సిమెంటు బాట మీద నాలుగడుగులు నడిపించాం గదా. ఏం చూశారు? "బాగానే నడుస్తా ఉంది" అన్నారు చాలామంది. నిజమే, కుంటడం లేదు. కానీ కాలు కింద పెట్టేటప్పుడు నేలకు ముందు ఏది తగిలింది? మొనా, మడమా? ఎవరన్నా చూశారా? మొన. మొన ముందు తగిలింది, ఆ తర్వాత మడమ ఆనింది. మన కాలికి మడమలో ముల్లు గుచ్చుకుంటే ఎట్లా నడుస్తాం? మునికాళ్ళ మీద నడుస్తాం. అదీ అంతే. మడమలో నొప్పి ఉంది, నోరులేదు గనక మనకు చెప్పలేదు. కుంటు ఇంకా రాలేదు, వచ్చే దారిలో ఉంది.

ఈ రోజు లాడాలు తీసేయండి అని చెప్పడానికి రాలేదు. ముందే చెప్తున్నా, మళ్ళీ ఎవరూ నన్ను పట్టుకోవద్దు. లాడం ఉండాలా వద్దా అనేది ఆఖరి ప్రశ్న. మొదటి ప్రశ్న దొడ్డి ఎట్లా ఉంది? రెండోది, నోట్లోకి ఏం పోతా ఉంది? గిట్టను అరగదీసే ఆకురాయి మూడోది. మనవాళ్ళు మూడోదాంతో మొదలుపెడతారు, అందుకే ఆర్నెల్లకు మళ్ళీ లాడం కొట్టేవాడి దగ్గరికే పోతారు.

సరే, ఇటు చూడండి. ఇది చచ్చిపోయిన గుర్రం గిట్ట, నిలువునా రంపంతో కోసింది. ఫార్మలిన్ వాసన వస్తుంది, కాస్త ఓర్చుకోండి. బయట కనపడే ఈ గట్టి భాగం పెంకు. దీనిలో ప్రాణం లేదు, మన గోరు లాంటిదే. పైన వెంట్రుకల అంచు దగ్గర పుట్టి కిందికి దిగుతుంది, నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లు. మొన దగ్గర అంచునుంచి నేలదాకా ఏడెనిమిది సెంటీమీటర్లు ఉంటుంది. లెక్క వేసుకోండి. ఈ రోజు పైన పుట్టిన పెంకు నేలకు తగలడానికి తొమ్మిది నెలలనుంచి ఏడాది పడుతుంది. మడమ దగ్గర పొట్టి, అక్కడ నాలుగైదు నెలలు చాలు. అంటే ఇవాళ మీ గుర్రం నేలమీద ఆనించిన మొన, పోయిన ఏడాది మీరు పెట్టిన మేత. పోయిన ఏడాది మేత! ఎవరన్నా వచ్చి పదిహేను రోజుల్లో గిట్ట గట్టిపడే పొడి అమ్ముతామంటే ఈ లెక్క అడగండి.

పెంకు లోపల ఈ ఎముక చూడండి. గిట్ట ఎముక. ఇది పెంకుకు ఎట్లా అతుక్కొని ఉంది? మేకు లేదు, కీలు లేదు. పుట్టగొడుగు తిరగేస్తే కింద సన్న సన్న రేకులు కనపడతాయి గదా, అట్లాంటి రేకులు ఇక్కడ సుమారు 550 నుంచి 600 ఉంటాయి. ఒక్కో రేకుకు మళ్ళీ వందకు పైగా చిన్న రేకులు. ఎముక వైపు రేకులు, పెంకు వైపు రేకులు ఒకదాన్లో ఒకటి దూరి పట్టుకుంటాయి. గుర్రం బరువంతా ఆ పట్టు మీద వేలాడుతోంది. ఆ పట్టు ఊడితే వచ్చేదే లామినైటిస్. దాని గురించి మళ్ళీ చెప్తా, ఇక్కడ గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు గిట్ట తిరగేద్దాం. ఇది అరికాలు. పెంకుకు, అరికాలికి మధ్య ఈ సన్న గీత, తెల్ల గీత అంటారు గానీ నిజానికి లేత పసుపు రంగు. ఇది సన్నగా, బిగువుగా ఉండాలి. వెడల్పై, మట్టీ ఇసుకా ఇరుక్కుంటా ఉంటే పైన రేకుల పట్టు సాగిపోయిందని అర్థం. మధ్యలో ఈ మూడు మూలల మెత్తటి భాగం ఉంది చూశారా, దీన్ని ఇంగ్లీషులో ఫ్రాగ్ అంటారు. కప్ప! ఎందుకట్లా పేరు పెట్టారో ఆ శ్రీవారికే ఎరుక. నేను ఫ్రాగ్ అనే అంటా. దీనిపైన, మడమల మధ్య, లోపల ఒక మెత్త ఉంది. నొక్కి చూడండి, రబ్బరులాగా ఉంటుంది. మడమ ముందు నేలకు ఆనితే ఫ్రాగూ, ఈ మెత్తా, పక్కనున్న మృదులాస్థీ కలిసి దెబ్బ తీసుకుంటాయి. అక్కడ సన్న సన్న రక్తనాళాలు వలలాగా ఉంటాయి. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో రాబర్ట్ బౌకర్ అనే ఆయన దీన్ని బాగా పరిశీలించాడు. నేల దెబ్బను ఆ వలలోని రక్తం పీల్చుకుంటుందని ఆయన చెప్పాడు. కొంతమంది "గుర్రానికి నాలుగు కాళ్ళల్లో నాలుగు గుండెకాయలు" అని చెప్తా ఉంటారు. గుండె ఒకటే, అది ఛాతీలోనే ఉంది. కానీ మడమ వాడకపోతే ఆ మెత్త బలపడదు, అది మాత్రం నిజం. పిల్లగా ఉన్నప్పుడు తిరగనీకుండా కట్టేసిన గుర్రానికి ఆ మెత్త కొవ్వుగానే ఉండిపోతుంది, గట్టి నార పట్టదు.

మరి లాడం ఏం చేస్తుంది? అరుగుదల ఆపుతుంది. అందుకే పుట్టింది అది. అరిగేది పెరిగేదానికంటే ఎక్కువైతే గుర్రానికి నడవడానికి కాలుండదు. రోజుకు పాతిక కిలోమీటర్లు తారు మీద బండి లాగే గుర్రానికి లాడం వద్దని నేను చెప్పను. కానీ పెళ్ళి గుర్రం ఏం చేస్తుంది? రెండు గంటలు నిలబడుతుంది, అర కిలోమీటరు నడుస్తుంది, మళ్ళీ ఆటోలోనో మినీ లారీలోనో ఇంటికొస్తుంది. దానికి అరుగుదల ఎక్కడ? దానికి అరుగుదల చాలక పెరిగిపోతుంది. పెరిగిన గిట్టకు లాడం కొట్టి నాలుగు నెలలు వదిలేస్తారు. మేకులు బిగించినచోట మడమ విచ్చుకోలేదు, అట్లే ముడుచుకుంటుంది. ఫ్రాగ్ నేలకు తగలదు, ఎండి చీలిపోతుంది. ఇంకో సంగతి, మన దగ్గర చాలాచోట్ల లాడానికి సరిపోయేట్టు గిట్టను కోస్తారు. గిట్టకు సరిపోయేట్టు లాడం వంచాలి గదా! చెప్పుకు సరిపోయేట్టు కాలు చెక్కుతామా? ఇక నున్నటి సిమెంటు మీద, రాతి బండల మీద ఇనుము జారుతుంది. జారి పడిన గుర్రాల్ని మీలో చాలామంది చూసే ఉంటారు.

అడవి గుర్రాలకు లాడాలు లేవు గదా, అవి బాగానే ఉన్నాయి గదా అంటారు. అమెరికాలో జేమీ జాక్సన్ అని ఒకాయన, వృత్తికి లాడాలు కొట్టేవాడు, 1980లలో నెవాడా వైపు తిరిగి అడవి గుర్రాల గిట్టలు కొలతలు తీశాడు. పొట్టి మొన, కిందికున్న మడమ, గుండ్రంగా అరిగిన అంచు. ఇప్పుడు మనం చేసే పద్ధతికి మూలం అదే. బాగుంది. కానీ ఆస్ట్రేలియాలో, న్యూజిలాండులో అడవి గుర్రాల గిట్టలు పరిశీలించినవాళ్ళకు వాటిల్లో కూడా లామినైటిస్ గుర్తులు కనిపించాయి. అడవిలో ఉన్నంతమాత్రాన అన్నీ బాగుండవు. అక్కడ మనం తీసుకోవాల్సింది ఒక్కటి: ఆ ఆస్ట్రేలియా గుర్రాలు రోజుకు సుమారు 16 కిలోమీటర్లు నడుస్తాయి. మీ గుర్రం ఎంత నడుస్తుంది? నవ్వొద్దు, చెప్పండి. గాటికి రెండు బారల తాడు కట్టి వదిలేస్తే ఎంత నడుస్తుంది?

అందుకే దొడ్డి. గ్రీకు దేశంలో జెనోఫోన్ అని ఒక సేనాని ఉన్నాడు, సుమారు 2,400 ఏళ్ళ కిందటి మాట. వాళ్ళకు మేకులు కొట్టే లాడాలు లేవు, యుద్ధాలేమో చేయాలి. ఆయన ఏం చెప్పాడు? గుర్రం నిలబడేచోట చేతిలో పట్టేంత గుండ్రాళ్ళు నాలుగైదు బండ్లు పోయించి, అవి చెదరకుండా చుట్టూ అంచు కట్టమన్నాడు. గుర్రం ఈగలు తోలుకుంటా కాళ్ళు కదిపినప్పుడల్లా ఆ రాళ్ళ మీద తొక్కుతుంది, గిట్ట గట్టిపడుతుంది. అంతే. మనకు ఇది కొత్తగా చెప్పాలా? మన చిత్తూరు నేలంతా గరుసు. ఎర్రమన్నులో పలుగురాళ్ళు. ఈ నేల మీద పుట్టిన గుర్రాన్ని తీసుకొచ్చి ఉచ్చలో, పేడలో నిలబెట్టి, గిట్ట మెత్తబడిందని ఇనుము కొడతా ఉన్నాం.

ఎట్లా చేయాలో చెప్తా, రాసుకునేవాళ్ళు రాసుకోండి. నీళ్ళతొట్టి చుట్టూ పది అడుగుల పొడుగు, పది అడుగుల వెడల్పు, జానెడు లోతు తవ్వి చిన్న గులకరాళ్ళు నింపండి. బఠాణీ గింజనుంచి రేగుపండంత సైజు. నున్నటివి కావాలి, క్రషర్ కంకర వద్దు, అంచులు కోస్తాయి. గుర్రం రోజుకు ఐదారుసార్లు నీళ్ళకొస్తుంది, వచ్చినప్పుడల్లా రాళ్ళల్లో నిలబడుతుంది. మీరు చేసేదేమీ లేదు.

స్థలం ఉన్నవాళ్ళకు ఇంకో పద్ధతి ఉంది. ఎకరా చేను ఉందనుకోండి, చదరంగా. దాన్ని మొత్తం వదలకుండా, చుట్టూ అంచు వెంబడి పది పన్నెండు అడుగుల వెడల్పు బాట మాత్రం వదిలి లోపల ఇంకో కంచె వేయండి. ఒక చుట్టు సుమారు 240 మీటర్లు వస్తుంది. నీళ్ళు ఒక మూల. గడ్డి దానికి ఎదురుమూల, అదీ ఒకేచోట కాదు, నాలుగుచోట్ల కొంచెం కొంచెం. ఉప్పు ఇంకోచోట. దుమ్ములో పొర్లడానికి ఇసుక ఇంకోచోట. రోజుకు పదిహేను చుట్లు తిరిగినా మూడున్నర కిలోమీటర్లు, ఎవరూ తోలకుండా. బాటలో కొంతదూరం గరుసు, కొంతదూరం మెత్త మన్ను ఉండేట్టు చూడండి. కంచెకు మన రాతికూసాలే మంచివి. ముళ్ళతీగ మాత్రం వద్దు, గుర్రం చర్మం పేపరులాగా చీలుతుంది. ఇంకొకటి, ఒంటిగా ఉన్న గుర్రం నడవదు. జత ఉండాలి. గుర్రం లేకపోతే గాడిదైనా సరే.

ఎకరా లేదు సార్, వీధిలో ఇల్లు అంటారా? సరే. ఉదయం అరగంట, సాయంత్రం అరగంట చేత్తో పట్టుకుని గట్టినేల మీద తిన్నగా నడిపించండి. గుండ్రంగా తిప్పొద్దు, తిన్నగా. గాటి కింద రాతిబండ అయితే వాలు పెట్టండి, ఉచ్చ నిలవకూడదు. ఉచ్చనుంచి వచ్చే అమ్మోనియా వాసన మీ ముక్కుకు తగిలిందంటే గిట్టకు ఎప్పుడో తగిలింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంటారే, ఎవరికోసం చెప్పారో గానీ గుర్రాలవాళ్ళకు సరిగ్గా సరిపోతుంది. కార్తీకంలో ముసురు పట్టినప్పుడు కనీసం రోజులో ఎనిమిది గంటలు పొడినేల మీద నిలబడే వీలు కల్పించండి.

ఇక మేత. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు పడుతుంది. మన గుర్రాలు 300 కిలోలు అనుకుందాం. ఎండు మేత, గుర్రం బరువులో నూటికి రెండు వంతులు, అంటే రోజుకు ఆరు కిలోల దాకా. ఇది రోజంతా నములుతా ఉండాలి, రెండు పూటలు కుమ్మరించేది కాదు. వరిగడ్డి ఒక్కటే అయితే చాలదు, దాన్లో సత్తువ తక్కువ. రాగిగడ్డి దానికంటే మేలు. చెనిక్కాయ కట్టె కలిపితే ఇంకా మేలు, దాన్లో కాల్షియం బాగా ఉంటుంది. ఒక్క షరతు, బూజు పట్టి ఉండకూడదు. వానకు తడిసిన కట్టె వామినుంచి తీసి విదిలిస్తే పొగలాగా లేస్తుందే, అది వేయొద్దు. లేత జొన్న అసలే వద్దు.

తవుడు. ఇక్కడ ఎంతమంది తవుడు పెడతారు? చేతులెత్తండి. చూశారా, సగం పైన. తవుడులో భాస్వరం కాల్షియం కంటే పది రెట్లకు పైగా ఉంటుంది. గుర్రానికి కావాల్సింది తిరగేసి, భాస్వరం ఒక పాలైతే కాల్షియం ఒకటిన్నర నుంచి రెండు పాళ్ళు. రోజూ రెండు మూడు కిలోల తవుడు తింటే రక్తంలో తగ్గిన కాల్షియంను శరీరం ఎముకల్లోనుంచి లాగుతుంది. మొహం ఎముకలు ఉబ్బుతాయి, ఈ రోజు ఈ కాలు కుంటు, రేపు ఆ కాలు కుంటు. గిట్టలో ఏమీ దొరకదు. పైగా నేపియర్ గడ్డి ఒక్కటే కోసి వేస్తా ఉంటే, దాన్లోని ఆక్సలేట్ ఉన్న కాల్షియంను కూడా పట్టేస్తుంది. తవుడూ నేపియరూ రెండూ కలిపి పెట్టేవాళ్ళు ఈ రోజు ఇంటికి పోగానే ఒకటి తగ్గించండి. ఏది తగ్గించాలి? తవుడు. తగ్గించడం కూడా ఒక్క రోజులో కాదు, పది రోజుల్లో.

ఉలవలు మంచివే. మన జిల్లాలో మనిషికీ గుర్రానికీ ఒకటే పప్పు! పనిచేసే గుర్రానికి రోజుకు కిలోనుంచి కిలోన్నర, ఉడకబెట్టి, రెండు మూడు పూటలుగా. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని సామెత ఉంది గదా, పనిలేకపోయినా దాణా మాత్రం ఆపరు మనవాళ్ళు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు, గుర్రం ఊరికే ఉంది, దాణా మాత్రం మాఘమాసం కొలతే. అక్కడే కాళ్ళు చెడేది. పని తగ్గితే గింజ తగ్గించండి, గడ్డి తగ్గించొద్దు.

ఉప్పు రోజుకు 30 గ్రాములు, అంటే సుమారు రెండు పెద్ద చెంచాలు. ఎండాకాలం చెమట పట్టే పనుంటే ఇంకొంచెం. గిట్టకు ముఖ్యంగా కావాల్సినవి రాగి, జింకు. 500 కిలోల గుర్రానికి రోజుకు రాగి 100 మిల్లీగ్రాములు, జింకు 400 మిల్లీగ్రాములు అని లెక్క. మన గుర్రానికి దాన్లో అరవై శాతం. బయోటిన్ అంటారే, పెద్ద గుర్రానికి రోజుకు 15 నుంచి 20 మిల్లీగ్రాములు ఇస్తే పెంకు నాణ్యత మెరుగవుతుంది. కానీ ఎన్నాళ్ళకు? ఆరు నుంచి తొమ్మిది నెలలకు. పైనుంచి కిందికి దిగాలి గదా. నెల పెట్టి మానేసి "పని చేయలేదు" అనకండి.

సరే, ఇప్పుడు ఆకురాయి చేత్తో పట్టుకుందాం. ముందు కొక్కెంతో శుభ్రం చేయండి, మడమనుంచి మొనవైపు, మొననుంచి మడమవైపు కాదు. ఫ్రాగ్ పక్కన రెండు వైపులా గాళ్ళు ఉంటాయి. ఆకురాయిని అరికాలి మీద అడ్డంగా పెట్టి, ఫ్రాగ్ మొన దగ్గర ఆ గాడి ఎంత లోతుందో పుల్లతో కొలవండి. సెంటీమీటరు కూడా లేదా? అరికాలు పలచగా ఉంది. ఆ గుర్రం అరికాలికి కత్తి తగలనీయొద్దు. బొటనవేలితో గట్టిగా నొక్కితే అరికాలు వంగుతా ఉందా? అస్సలు ముట్టుకోవద్దు. ఎవరైనా వచ్చి అరికాలు తెల్లగా, నున్నగా, దోసకాయ చెక్కినట్లు చెక్కితే చూడ్డానికి బాగుంటుంది. ఆ నున్నదనంలో మూడు నెలల పెరుగుదల పోయింది. సుద్దలాగా పొడిపొడిగా రాలేది మాత్రమే తీయాలి. గులాబీ రంగు కనపడిందా, ఆపేయాలి. అది రక్తం ముందు మెట్టు.

మడమలు. ఎత్తు పెరిగిన మడమను పక్కనున్న మంచి అరికాలి మట్టానికి దించాలి, రెండు మూడు మిల్లీమీటర్లు పైన వదిలి. ఒక్కసారి ఐదు మిల్లీమీటర్లకు మించి దించొద్దు. వెనక నరం లాగుతుంది. రెండు వారాలకోసారి కొంచెం కొంచెం. ఫ్రాగ్‌కు వేలాడే చిరుగులు తప్ప ఏమీ తీయొద్దు, అది నేలకు తగలాలి. ఫ్రాగ్ పక్కన, మడమ దగ్గర పెంకు లోపలికి మడిచి ఉంటుంది, వాటిని బార్లు అంటారు. అవి అరికాలి మీదికి పడుకుని ఉంటేనే కొంచెం సరిచేయండి.

ఇప్పుడు అసలు పని. కాలు ముందుకు తెచ్చి మోకాలి మీద పెట్టుకోండి. పెంకు అంచును పైవైపునుంచి 45 డిగ్రీల వాలుతో ఆకురాయితో గుండ్రం చేయాలి. పెంకు మందంలో బయటి సగం దాకా. ఎందుకు? పదునుగా వదిలితే నేల ఆ అంచును పట్టుకుని లోపలి రేకులనుంచి పెంకును బయటికి లాగుతుంది, పగుళ్ళు మొదలవుతాయి. గుండ్రం చేస్తే కాలు తేలిగ్గా తిరుగుతుంది, మొన తొందరగా లేస్తుంది. మొన చాలా ముందుకు సాగిపోయిన గుర్రానికి ఇదే సగం వైద్యం. పెంకు పైభాగం మీద మాత్రం ఆకురాయి పెట్టొద్దు, కింది మూడో వంతులోనే. పైన గీస్తే పలచబడుతుంది, మళ్ళీ ఏడాది దాకా రాదు.

ఎన్నాళ్ళకోసారి? మొదట్లో మూడు నాలుగు వారాలకు. తర్వాత నాలుగునుంచి ఆరు వారాలకు. నాలుగు నెలలకోసారి ఎక్కువ కోసేకంటే నెలకోసారి కొంచెం గీసేది గుర్రానికి హాయి.

లాడాలు తీసేది ఎప్పుడు అని అడుగుతున్నారు అక్కడ. మంచి ప్రశ్న. మన పంచాంగమే చెప్తుంది అన్నా! శూన్యమాసం. ఆషాఢం మొదట్లో తీయండి, పని ఉండదు, తొలకరికి నేల కొంచెం మెత్తబడి ఉంటుంది. మేకుల వంపులు ముందు ఆకురాయితో కోసి, ఒక్కో మేకు విడిగా లాగాలి. లాడం పట్టుకుని ఒక్క పెరుకు పెరికితే పెంకు కూడా వస్తుంది. తీసిన రోజు గిట్టను ఎక్కువ కోయొద్దు, అంచు మాత్రం గుండ్రం చేయండి. మొదటి వారాలు రాళ్ళ మీద తడబడుతుంది, భయపడొద్దు. కానీ నొప్పితో నడవడానికి ఇష్టపడకపోతే అది "అలవాటవుతుంది" అని వదిలే విషయం కాదు. రబ్బరు బూటు దొరికితే వేయండి. దొరక్కపోతే చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర ఎంసీఆర్ షీటు, అంటే చెప్పుల అడుగుకు వేసే మెత్త రబ్బరు, దొరుకుతుంది, బెత్తెడులో ఎనిమిదో వంతు మందం, గిట్ట సైజుకు కోసి డక్ట్ టేపుతో చుట్టండి. టేపు వెంట్రుకల అంచు మీదికి ఎక్కకూడదు, రక్తం ఆగుతుంది. ఒకటి రెండు రోజులకు మించి అట్లే ఉంచకూడదు. తారు మీద పని తప్పని గుర్రాలకు బూట్లో లాడాలో తప్పవు, అది ఓటమి కాదు. అమెరికాలో హ్యూస్టన్ నగరంలో పోలీసు గుర్రాలు లాడాలు లేకుండానే వీధుల్లో తిరుగుతాయి, నిజమే. వాళ్ళ గుర్రాలకున్న మేత, నేల, వారం వారం చూపు మన దగ్గర ఉంటే మనవీ తిరుగుతాయి.

చెడేవి మూడు చెప్పి ముగిస్తా.

ఒకటి, ఫ్రాగ్ కుళ్ళు. నల్లటి రసి, ముక్కు మూసుకునే కంపు. ఫ్రాగ్ మధ్యలో ఉండే గుంట బొటనవేలి ముద్రంత లోతే ఉండాలి. కొక్కెం మొన లోపలికి దిగిపోయే చీలిక ఉంటే అది పుట్టుకతో వచ్చింది కాదు, పుండు. బయటున్న ఆడగుర్రానికి ఉన్నది అదే, అందుకే మడమ ఆనించడం లేదు. కడిగి, బాగా ఆరబెట్టి, మన కాలివేళ్ళ సందుల్లో వచ్చే అథ్లెట్ ఫుట్‌కు వాడే క్లోట్రిమజోల్ క్రీమూ యాంటీబయాటిక్ ఆయింట్‌మెంటూ సమానంగా కలిపి, సూది లేని సిరంజితో చీలిక అడుగుదాకా ఎక్కించండి, రోజూ, రెండు వారాలు. మైలుతుత్తం పొడి నేరుగా పోసేవాళ్ళున్నారు. పచ్చి కండ ఉన్నచోట అది కాలుస్తుంది, వద్దు. పెళ్ళికి మెరవాలని పూసే కాలిన ఇంజనాయిలు కూడా వద్దు.

రెండు, చీము గడ్డ. నిన్న బాగున్న గుర్రం ఈ రోజు కాలు కింద పెట్టదు. విరిగిందేమో అనిపిస్తుంది. గోరువెచ్చని నీళ్ళల్లో భేది ఉప్పు వేసి ఇరవై నిమిషాలు కాలు ఉంచండి, రోజుకు రెండుసార్లు. ఆ నీళ్ళు తాగనీయొద్దు. కత్తితో మీరే తవ్వొద్దు, డాక్టరును పిలవండి. 1955నుంచి మన ఊళ్ళో వెటర్నరీ కాలేజీ ఉంది, ఇంకెక్కడికో పోనక్కర్లేదు. మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం ఇంజెక్షను ఎప్పుడు వేయించారో చూడండి. జంతువుల్లో ధనుర్వాతానికి గుర్రమంత సులువుగా లొంగేది ఇంకోటి లేదు. ఏటా టీకా వేయించండి.

మూడు, లామినైటిస్. ఇందాక రేకుల పట్టు అన్నానే. గుర్రం ముందుకాళ్ళు చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడుతుంది. తిప్పితే కత్తుల మీద నడిచినట్టు నడుస్తుంది. గిట్టకు పైనున్న గుండ్రటి కీలు వెనక, రెండు పక్కలా, వేళ్ళు పెట్టి చూడండి. మామూలుగా నాడి వెతుక్కుంటే గానీ దొరకదు. అప్పుడేమో టకటకా కొడతా ఉంటుంది. ఈ రాత్రి ఇంటికి పోయి మంచిగున్న గుర్రానికి నాడి పట్టి చూడండి, మంచిది తెలిస్తేనే చెడ్డది తెలుస్తుంది. ఎందుకొస్తుంది? దాణా మూట తాడు తెంపుకుని తినేస్తే. ఈనాక మాయ పూర్తిగా పడకపోతే. ఇంకా మన పెళ్ళిళ్ళల్లో, ప్రతి ఇంటిముందూ ఆడవాళ్ళు ప్రేమగా బెల్లం ముక్క, లడ్డు, అరటిపండు పెడతారు. ప్రేమే, కాదనను. ఒక ఊరేగింపులో నలభై ఇళ్ళు. కిలోల లెక్క వస్తుంది. చేతిలో పచ్చగడ్డి పట్టుకోండి, "అమ్మా, ఇది పెట్టండి" అనండి. దండలు కూడా చూసుకోండి, గన్నేరు పూల దండ గుర్రం మెడలో వేయనీయొద్దు. కొన్ని ఆకులు నమిలినా ప్రాణం పోవచ్చు.

లామినైటిస్ అనుమానం వస్తే అప్పుడే గింజ ఆపేయండి, ఎండుగడ్డి మాత్రం పెట్టండి. నడిపించొద్దు. మోకాళ్ళ కిందిదాకా ఐసు నీళ్ళల్లో కాళ్ళు ముంచండి, మొదటి రెండు మూడు రోజులు ఎడతెగకుండా. ఐసు ఫ్యాక్టరీకి మనిషిని పంపి, ఆ చేత్తోనే డాక్టరుకు ఫోను. తెల్లారాక చూద్దాం అనుకుంటే ఎముక జరిగిపోతుంది.

ఎండ తగ్గింది, బయటికి పోదాం. భాయ్, ఆడగుర్రాన్ని విప్పుకురా. ముందు నడిపించవద్దు, కుడి ముందుకాలు ఎత్తి పట్టు. సిరంజి ఎవరి దగ్గర ఉంది? దగ్గరికి రండి అందరూ, ఒకవైపే నిలబడండి, వెనకాల ఎవరూ వద్దు. వాసన చూశారా? ఇదీ నేను చెప్పిన చీలిక. కొక్కెం ఎంతదాకా దిగుతుందో చూడండి.